ఇసుక మీద పునాది వేసిన దొర

బండ మీద ఇల్లు కట్టిన వాడి సంగతి, ఇసుక మీద ఇల్లు కట్టిన వాడి సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. వాన కురిసి వరద వచ్చినప్పుడు ఏ ఇల్లు నిలిచిందో, ఏ ఇల్లు కూలిందో చేతులు ఆడిస్తూ పాడి చూపిస్తారు. అయితే ప్రియ పాఠకులారా, మన గోదావరి మీద ఒక మనిషి తెలిసి తెలిసి ఇసుక మీదే కట్టాడు. అది నిలిచింది. సుమారు 130 ఏళ్లు నిలిచి లక్షల ఎకరాలకు నీళ్లిచ్చింది. ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. గోదావరి జిల్లాల వాళ్లు నేటికీ కాటన్ దొర అనే పిలుచుకుంటారు.

ఆయన విగ్రహానికి దండలు వేసే వాళ్లు ఉన్నారు, అపర భగీరథుడని పొగిడే వాళ్లు ఉన్నారు, పితృదేవతలతో పాటు ఆయనకూ తర్పణం వదిలే వాళ్లు ఉన్నారు. మనం మనుషులను పూజించం. కానీ దేవుడు ఒక మనిషి చేత చేయించిన మేలును మరచిపోవడం కూడా మనకు తగదు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మరోసారి తిరగేద్దాం. ఆనకట్ట కట్టిన సంగతి అందరూ చెబుతారు. ఆనకట్ట కట్టవచ్చా, కూడదా అని ఆయన ఎలా తేల్చుకున్నాడో చెప్పేవాళ్లు తక్కువ. మనకు పాఠం అక్కడే ఉంది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు ఆయన పదవ కుమారుడు. 15 ఏళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్‌కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. చదువు ముగిశాక వేల్స్ ప్రాంతంలో భూమిని కొలిచే సర్వే పనిలో కొంతకాలం గడిపాడు. కొలత తప్పితే పటం తప్పుతుందనీ, పటం తప్పితే దాని మీద కట్టేదంతా తప్పుతుందనీ అక్కడ నేర్చుకున్నాడు. 1821లో మద్రాసు వచ్చి, దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో పనికి కుదిరాడు.

చెరువుల శాఖ అంటే ఊరూరా తిరగడమే. ఏ చెరువు తెగింది, ఏ తూము పాడైంది, ఏ గట్టు కింద ఎన్ని ఎకరాలు పండుతున్నాయి అని చూస్తూ కోయంబత్తూరు, మధురై, తిరునెల్వేలి, తంజావూరు ప్రాంతాలు కాలినడకన, గుర్రం మీద తిరిగాడు. రైతులతో మాట్లాడాడు. మధ్యలో మొదటి బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చాడు. తిరిగొచ్చాక కావేరి నది సమస్యను పరిశీలించే బాధ్యత ఆయన మీద పడింది.

ఆ సమస్య ఇది. శ్రీరంగం దగ్గర కావేరి రెండు పాయలవుతుంది. ఉత్తరపు పాయ అయిన కొల్లిడం పల్లంగా ఉండటంతో నీరంతా అటే పోతోంది. తంజావూరుకు నీళ్లిచ్చే దక్షిణపు పాయ ఏడాదికేడాది మేట వేసి ఎండిపోతోంది. అన్నపూర్ణ అనిపించుకున్న తంజావూరు బీడు పడేలా ఉంది. కాటన్ దిగువకు వెళ్లి, చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై అనే పాత ఆనకట్టను పరీక్షించాడు. దాని అడుగున బండ లేదు. వదులు ఇసుక మీదే రాళ్లు పేర్చి కట్టారు. రాయి కొంచెం కుంగితే పైన మళ్లీ వేశారు. అలా వందల ఏళ్లుగా అది నిలబడే ఉంది.

ఇంగ్లాండులో చదువుకున్న ఇంజినీరు, పేరు కూడా తెలియని తమిళ మేస్త్రీల దగ్గర శిష్యుడయ్యాడు. బండ తగలని చోట కూడా వెడల్పుగా, బరువుగా, నీటి ఒరవడికి తగిన వాలుతో కడితే నదిని నిలపవచ్చని వారి పని ఆయనకు నేర్పింది. తాను నేర్చుకున్నది వాళ్ల దగ్గరేనని తరువాత దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. 1836 నాటికి కొల్లిడం మీద రెండు ఆనకట్టలు లేచాయి. తంజావూరు మళ్లీ పండింది.

ఈలోగా ఉత్తరాన మన జిల్లాల పరిస్థితి ఘోరంగా ఉంది. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అని కూడా అంటారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1839లో కోరింగ మీద ఉప్పెన విరుచుకుపడింది. రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7,38,000 మంది ఉంటే, 1841 నాటికి 5,61,000 మందే మిగిలారు. ఒక తరంలోనే ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. పక్కనే గోదావరి సముద్రమంత నీటిని సముద్రంలో పోస్తూనే ఉంది. నది ఒడ్డునే మనుషులు కరువుతో చచ్చారు. ఈ సంగతి ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది.

కాటన్ ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. జ్వరాలతో ఎన్నోసార్లు మంచం పట్టాడు. సెలవు మీద టాస్మానియా వెళ్లి, అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహం చేసుకుని మళ్లీ ఇండియాకే వచ్చాడు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి రాజమండ్రి జిల్లా దుస్థితిని విచారించి, ఈ జిల్లాకు కావలసింది నీళ్లను నిలిపే ఇంజినీరు అని ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ పని కాటన్‌కు అప్పగించారు.

కట్టాలనుకున్న వాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాటకు ఆ రోజుల్లో కాటన్ చేసిన పనికంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఆయన వేసుకున్న ప్రశ్నలను వరుసగా చూడండి.

మొదటిది, నీళ్లున్నాయా? వరదలో ఎలాగూ ఉంటాయి. ఎండాకాలంలో ఎంత ఉంటుంది, ఎన్ని నెలలు ఉంటుంది అన్నదే అసలు లెక్క.

రెండవది, ఆ నీళ్లు పొలానికి తమంతట తామే వెళతాయా? ఏతాలు వేసి తోడాలంటే అంత భూమికి సాధ్యం కాదు. మట్టాలు కొలిచి చూశాడు. డెల్టా భూమి ధవళేశ్వరం దగ్గర ఎత్తుగా మొదలై సముద్రం వైపు మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగుతోంది. పైగా నదీ పాయల గట్లు ఎత్తుగా, మధ్య పొలాలు పల్లంగా ఉన్నాయి. తల దగ్గర నీటి మట్టాన్ని కొన్ని అడుగులు లేపితే చాలు, కాలువలు వాటంతట అవే పారుతాయి.

మూడవది, ఎక్కడ కట్టాలి? ఎవరైనా నది ఇరుకుగా ఉన్న చోటు చూస్తారు. ఎగువన పాపికొండల మధ్య గోదావరి ఇరుకే. కాని అక్కడ లోతు ఎక్కువ, వడి ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర నది లంకలతో కలిపి నాలుగు మైళ్ల వెడల్పు. చూసినవాళ్లు భయపడతారు. కాటన్‌కు అదే అనుకూలమనిపించింది. వెడల్పు ఉన్న చోట లోతు తక్కువ. లంకలు నదిని నాలుగు ముక్కలు చేస్తున్నాయి కాబట్టి ఒక్కో ముక్కను విడిగా కట్టవచ్చు. పక్కనే కొండ ఉంది, రాయి దొరుకుతుంది.

నాలుగవది, దేని మీద కట్టాలి? అడుగున ఉన్నది ఇసుకే. కల్లణైలో చూసింది ఇక్కడ పనికొచ్చింది. ఇసుకలో బావులు దింపి, వాటి మీద రాతికట్టు కట్టి, దిగువన నీరు దూకే చోట కోసుకుపోకుండా పెద్ద రాళ్లు విస్తారంగా పరవాలని నిర్ణయించాడు.

అయిదవది, ఖర్చెంత, ఫలమెంత? ఇక్కడ ఆయన కంపెనీ దొరలతో కంపెనీ భాషలోనే మాట్లాడాడు. వాళ్లకు శిస్తు కావాలి. నీళ్లున్న తంజావూరునూ, నీళ్లు లేని రాజమండ్రినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకేలాంటి డెల్టాలు, ఒకటి పచ్చగా ఉంది, ఒకటి ఖాళీ అవుతోంది. ఆనకట్టకు సుమారు 4,75,000 రూపాయలవుతుందని అంచనా వేశాడు. సుమారు పది లక్షల ఎకరాలు పండించవచ్చని చెప్పాడు. 1844లో ఒక నివేదిక, 1845లో మరొకటి పంపాడు. లండన్ నుంచి 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది.

1847లో పని మొదలైంది. కొండ నుంచి నది దాకా రాయి మోయడానికి పట్టాలు వేశారు. ఈ దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా నడవని రోజులవి. వేలాది కూలీలు వచ్చారు. వారిలో ఎక్కువమంది కరువులో కూడు కోల్పోయిన పేదలే. ఆ కూలీల లెక్క, మేస్త్రీల మాట, పని సాగే తీరు చూసుకున్నవాడు వీణెం వీరన్న అనే మన తెలుగువాడు. ఆయన లేకపోతే ఆ పని అంత చక్కగా సాగేది కాదని దొరలే గుర్తించారు. కాటన్ మధ్యలో మళ్లీ జబ్బుపడి సెలవు మీద వెళితే, కెప్టెన్ ఆర్ బరువును భుజానికెత్తుకున్నాడు. ఏ గొప్ప పనిలోనూ ఒక్కడి పేరే ఉండదు. విగ్రహం ఒక్కడికే ఉండవచ్చు.

అప్పటికే నరసాపురం వైపు బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు సేవ చేస్తున్నాయి. ఆనకట్ట పనికి ధవళేశ్వరం చేరిన ఆ కూలీ జనం మధ్య కూడా సువార్త వినిపించింది. మన గోదావరి డెల్టా సంఘాల చరిత్ర ఆ రాళ్లతో అలా ముడిపడి ఉంది.

1852లో ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా దాదాపు 12,000 అడుగుల రాతికట్టు. అనుకున్న దానికంటే ఖర్చు పెరిగింది. అయినా ఫలం అంతకంటే పెరిగింది. పి.గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టి నది పాయ మీదుగా కాలువను లంకలోకి దాటించారు. 1852లో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట మొదలై 1855లో ముగిసింది. కరువు సీమ వరి సీమ అయింది. కాలువల మీద పడవలు నడిచాయి. బియ్యం కాకినాడ రేవు చేరింది.

కథ ఇక్కడే ఆపేస్తే వినడానికి బాగుంటుంది. కాని దేవుని గ్రంథం దావీదు విజయాన్ని రాసినట్టే అతని తప్పునూ రాసింది. మనం కూడా కాటన్ జీవితంలోని రెండో భాగాన్ని దాచకూడదు.

గోదావరి మీద గెలిచాక కాటన్ మాటకు బలం పెరిగింది. ఇండియాకు రైళ్ల కంటే కాలువలే మేలని గట్టిగా వాదించాడు. ఆయన ఆలోచనల మీద మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ పుట్టింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు, కడప సీమల మీదుగా కాలువ తవ్వారు. నీళ్లు పారాలి, పడవలు నడవాలి అన్నది ఉద్దేశం. పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వమే హామీ ఇచ్చింది. కాలువ ముగియకముందే డబ్బు అయిపోయింది. ఇంకా అప్పు తెచ్చి 190 మైళ్ల మేర పూర్తిచేశారు. నీళ్లు వచ్చాయి, కొనే రైతు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువను తన చేతిలోకి తీసుకోవలసి వచ్చింది.

ఎందుకలా జరిగింది? కర్నూలు సీమలో చాలా మేర నల్లరేగడి. వాన పడితే ఆ నేల తేమను నెలల తరబడి దాచుకుంటుంది. అక్కడి రైతు జొన్న, పత్తి వేస్తాడు. మామూలు ఏడాదిలో అతనికి కాలువ నీరు అక్కర లేదు. వరి నాటే అలవాటు లేదు, రేగడిని మడులుగా చదును చేసే స్తోమత లేదు, నీటి పన్ను కట్టే ఉద్దేశమూ లేదు. 1876-78 మహా కరువులో మాత్రం ఆ కాలువ దారి పట్టాడు. నీటి మట్టం లెక్క ఉంది, రాయి లెక్క ఉంది, పెట్టుబడి లెక్క ఉంది. ఆ నేల ఏమిటి, ఆ రైతుకు ఏం కావాలి అన్న లెక్క మాత్రం సరిగా లేదు. చెరువుల శాఖలో ఊరూరా తిరిగి రైతును అడిగి తెలుసుకున్న మనిషే, వయసు పెరిగి పేరు వచ్చాక, గోదావరి కొలతతో తుంగభద్రను కొలిచాడు.

ఎగువ గోదావరి మీద పడవలు నడపాలన్న ఆశ కూడా అలాగే ఆగిపోయింది. దుమ్ముగూడెం దగ్గర కట్టిన ఆనకట్ట, లాకులు ఆ ఆశకు గుర్తులు. రాతి మెట్లు, ఎండాకాలపు నీటి కొరత, పెరిగిపోయిన ఖర్చు చూసి 1871లో ప్రభుత్వం ఆ పని వదిలేసింది. 1878లో లండన్ పార్లమెంటు సంఘం ముందు నిలబడి, ముసలి కాటన్ తన పథకాల గురించి కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చింది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. దేశం కరువుతో చస్తుంటే నీళ్ల మీద ఖర్చుకు వెనకాడటం పాపమనే ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఎవరంటారు? హృదయం సరైనదే. ప్రతిచోటా లెక్క సరైనది కాలేదు.

1860లో ఇండియా విడిచి వెళ్లిన కాటన్‌ను 1861లో సర్ బిరుదు వరించింది. చివరి కాలం డార్కింగ్ అనే ఊళ్లో గడిపాడు. అక్కడ కూడా ఊరకే కూర్చోలేదు. నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో తన చిన్న చెక్కలో కొలిచి చూస్తూ ఉండేవాడు. భక్తిపరుడిగా బతికి, 1899 జూలైలో 96 ఏళ్ల వయసులో ప్రభువు నందు నిద్రించాడు. సువార్త సేవకురాలైన ఆయన కుమార్తె లేడీ హోప్ మరుసటి ఏడాది ఆయన జీవిత చరిత్రను ప్రచురించింది. ఆయన కట్టిన ఆనకట్టకు బదులుగా కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు.

కాటన్ ఆనకట్ట కట్టిన రోజుల్లో నది నుంచి కరెంటు తీయడం లేదు. ఇప్పుడు అదే గోదావరి మీద, ధవళేశ్వరానికి సుమారు 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం పని జరుగుతోంది. సాగునీటితో పాటు 960 మెగావాట్ల జలవిద్యుత్తు దాని లక్ష్యం. కాటన్ వేసుకున్న అయిదు ప్రశ్నలూ అక్కడా ఉన్నాయి. ఆరో ప్రశ్న ఒకటి ఇంకా పెద్దది. నీటి కింద మునిగే ఊళ్ల వారి గతి ఏమిటి? వారిలో ఎక్కువమంది ఆదివాసీలు. కొండ కింది గూడేలలో మన సహోదరులూ ఉన్నారు. ఒక ప్రాజెక్టు సాధ్యమేనా అని తేల్చేటప్పుడు సిమెంటు, ఇనుము, మెగావాట్లతో పాటు ఇల్లు విడిచి వెళ్లే ముసలమ్మను కూడా లెక్కలో వేయాలి. ఆమెను లెక్కలో వేయని అంచనా కాగితం మీద ఎంత అందంగా ఉన్నా తప్పుడు అంచనాయే. డెల్టాలో నీళ్లు తాగి అన్నం తినే మనం ఆ మాట చెప్పడానికి వెనకాడకూడదు.

మన సంఘాల సంగతికి వద్దాం. పునాది రాయి రోజున ఊరంతా భోజనాలు పెట్టి, కిటికీల మట్టానికి వచ్చేసరికి ఆగిపోయిన మందిరాలు మనకు తెలియనివా? సంఘానికి బోరు వేయిద్దామని ఉత్సాహపడి, నేలను పరీక్ష చేయించకుండా డబ్బు భూమిలో పోసిన సంఘాలు లేవా? ఒక ఊళ్లో పని బాగా జరిగిందని, అదే పని, అదే పద్ధతి పక్క ఊళ్లో పెట్టి విఫలమైన సేవకులు మనలో లేరా? విశ్వాసం ఉంటే చాలు, లెక్క ఎందుకని అంటాం. కాటన్‌కు విశ్వాసం ఉంది కాబట్టే లెక్క వేశాడు. ఇది దేవుని ప్రజల డబ్బు, పేదల ప్రాణం అని తెలిసినవాడు గొలుసు పట్టుకుని నేల కొలుస్తాడు, ఎండాకాలపు నీరు చూస్తాడు, పాత మేస్త్రీని అడుగుతాడు.

మొదట చెప్పిన ఇసుక సంగతి గుర్తుందిగా. ప్రభువు ఉపమానంలోని బుద్ధిహీనుడు తన ఇంటి కింద ఏముందో చూసుకోలేదు. కాటన్ చూసుకున్నాడు. ఇసుకేనని తెలుసుకుని, ఇసుకకు తగ్గట్టు బావులు దింపి, రాళ్లు పరిచి కట్టాడు. కర్నూలులో నేలను అలా చూసుకోకపోతే నష్టం వచ్చింది.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘపు కమిటీ కూర్చుని, ఈ ఏడాది మనం తలపెట్టిన పని కింద నేల ఏమిటి, అది ఎవరికి కావాలి, ఎవరికి నష్టం అని ఒక్క గంట మాట్లాడుకోండి. ఆ గంట ప్రార్థనతో మొదలుపెట్టండి. లెక్క పుస్తకం కూడా బల్ల మీద తెరిచి ఉంచండి.